తన మీదుగా తానే సాగే రోడ్డు

జపాన్‌లోని ఇజు ద్వీపకల్పంలో, కవాజు దగ్గర, 414వ నంబరు జాతీయ రహదారి లోయలోకి దిగుతూ గాలిలోనే రెండు చుట్లు తిరుగుతుంది. 1978 జనవరిలో వచ్చిన భూకంపానికి అక్కడి కొండ రోడ్డు దెబ్బతింది. దాని బదులు కట్టిన కవాజు నానదారు లూప్ వంతెన 1981లో పూర్తయింది. వంతెన పొడవు 1,064 మీటర్లు, చుట్టు వ్యాసం 80 మీటర్లు, పై కొసకూ కింది కొసకూ ఎత్తులో తేడా 45 మీటర్లు. ప్లానులో, అంటే పైనుంచి చూస్తే, అదొక వృత్తం, దానికి అతికిన రెండు తోకలు. ఆ వృత్తం గీత మీద ఎక్కడ వేలు పెట్టినా రోడ్డు ఒకదాని మీద ఒకటిగా రెండుసార్లు తగులుతుంది, వాటి అడుగున లోయ నేల ఉంటుంది. ఆ చోట ఎత్తెంత అని అడిగితే మూడు జవాబులు వస్తాయి, మూడూ నిజమే. రోడ్ల డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్లలో ఉపరితలం అనే భావన మాత్రం, ఒక చోటికి ఒకే ఎత్తు ఉంటుందన్న నియమం మీద నిలబడి ఉంది. తన మీదుగా తానే దాటే రోడ్డును కంప్యూటర్‌లో గీయడంలోని చిక్కంతా ఆ నియమంలోంచే పుడుతుంది.

నేల అంకెలుగా మారిన తీరు

నేల ఎత్తుపల్లాలను అంకెల రూపంలో కంప్యూటర్‌కు అప్పగించవచ్చన్న ఆలోచన రోడ్ల పనిలోనే మొదలైంది. డిజిటల్ టెరైన్ మోడల్ సిద్ధాంతాన్ని, దాని ఉపయోగాన్ని వివరిస్తూ అమెరికాలోని ఎంఐటీ నుంచి చార్లెస్ మిల్లర్, లాఫ్లేమ్ 1958లో ఒక పత్రం ప్రచురించారు. విమానం నుంచి తీసిన ఫొటోల ఆధారంగా నేల మీది బిందువులను కొలిచి దాచుకోవాలి. రోడ్డు ఈ దారిన పోతే ఎంత మట్టి తవ్వాలి, ఆ దారిన పోతే ఎంత పోయాలి అన్న లెక్కను యంత్రం చేత వేయించాలి. వారు కోరుకున్నది ఇదే. 1970లలో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో థామస్ పాయ్‌కర్ బృందం ఈ బిందువులను త్రిభుజాలుగా అల్లే పద్ధతిని అభివృద్ధి చేసింది. దాన్నే టిన్ అంటారు. చదును నేల మీద బిందువులు పలచగా, గట్టు అంచుల దగ్గర చిక్కగా ఉంచుకునే వీలు ఉండటంతో అది రోడ్ల ఇంజినీర్లకు బాగా నప్పింది.

బిందువులను త్రిభుజాలుగా కలపడానికి లెక్కలేనన్ని మార్గాలున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకునే నియమాన్ని రష్యన్ గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో ఇచ్చాడు. ఏ త్రిభుజపు మూడు మూలల గుండా వృత్తం గీసినా, ఆ వృత్తం లోపల మరో బిందువు పడకూడదు. ఇలా చేస్తే మరీ సన్నటి త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పరీక్ష ప్లానులోనే జరుగుతుంది. ఏ బిందువుకు ఏది పొరుగు అని తేల్చేటప్పుడు ఎత్తు లెక్కలోకే రాదు. పొరుగులు తేలిన తర్వాతే ప్రతి మూలకూ దాని ఎత్తును తగిలిస్తారు. అందుకే టిన్ మంచం మీద పరిచిన దుప్పటి లాంటిది. ఎగుడుదిగుళ్లన్నీ చూపుతుంది, మంచం కిందికి మాత్రం పోలేదు.

ఇది లోపమని కొట్టిపారేయడం అన్యాయం. ఒక చోటికి ఒకే ఎత్తు అన్న కట్టుబాటు వల్లే కాంటూరు గీతలు ఒకదాన్నొకటి కోసుకోకుండా వస్తాయి. చినుకు పడిన చోటి నుంచి నీరు ఎటు పారుతుందో తెలుస్తుంది. పాత నేలకూ కొత్త రోడ్డుకూ మధ్య మట్టి ఘనపరిమాణం త్రిభుజం వెంట త్రిభుజంగా, ప్రతిదాని వైశాల్యాన్ని సగటు ఎత్తు తేడాతో గుణిస్తే తేలిపోతుంది. లక్షల బిందువులున్న సర్వేను మామూలు ఆఫీసు కంప్యూటర్ సెకన్లలో మింగేస్తుంది. సహజమైన నేల చాలామటుకు ఈ కట్టుబాటుకు లొంగుతుంది. నిట్టనిలువు రిటైనింగ్ వాల్ వస్తే గోడ పై అంచును ఒక మిల్లీమీటరు పక్కకు జరిపి సర్దుబాటు చేసుకోవడం డిజైనర్లకు అలవాటే. లూప్ రోడ్డుకు ఆ మిల్లీమీటరు సర్దుబాటు చాలదు.

రెండు అంతస్తులు ఒక త్రిభుజంలో పడితే

పై రోడ్డు ఆర్‌ఎల్ (రిడ్యూస్డ్ లెవెల్, అంటే ఒక ఆధార మట్టం నుంచి ఎత్తు) 108 మీటర్లు, దాని కింద నుంచి పోయే అదే రోడ్డు ఆర్‌ఎల్ 100 మీటర్లు అనుకోవాలి. రెండింటి అంచు గీతలనూ ఒకే ఉపరితలంలోకి ఎక్కిస్తే, ప్లానులో ఆ గీతలు నాలుగు చోట్ల ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అంచు గీతలను బ్రేక్‌లైన్లుగా తీసుకోవడమంటే త్రిభుజాలు వాటిని అడ్డంగా దాటకూడదని ఆజ్ఞ ఇవ్వడం. రెండు బ్రేక్‌లైన్లు కోసుకున్న చోట ఆ ఆజ్ఞ నెరవేరాలంటే అక్కడొక కొత్త మూల పుట్టాలి, దానికి ఒకే ఎత్తు ఉండాలి. ఆటోడెస్క్ సివిల్ 3డీ ఇలాంటప్పుడు కోత బిందువు దగ్గర మొదటి గీత ఎత్తు తీసుకోవాలా, చివరి గీత ఎత్తు తీసుకోవాలా, రెండింటి సగటు తీసుకోవాలా అని అడుగుతుంది. అసలు కోసుకోవడాన్నే అనుమతించకుండా ఉండే వీలూ ఉంది. సగటు అంటే 104 వస్తుంది. ఆ ఎత్తున ఏ రోడ్డూ లేదు, నేలా లేదు.

మిగతా బిందువుల సంగతి ఇంకా దారుణం. పై డెక్ అంచు బిందువుకు ప్లానులో దగ్గరి పొరుగు కింది రోడ్డు మధ్యగీత మీది బిందువు కావచ్చు. ఆ రెంటినీ కలిపే త్రిభుజం ఎనిమిది మీటర్ల నిలువు గోడలా లేస్తుంది. కాంటూరు గీతలు అక్కడ ఒకే చోట కుప్ప పడతాయి. వాననీటి లెక్క, అసలు లేని గోడ వెంట నీటిని కిందికి పంపుతుంది. పన్నెండేసి మీటర్ల వెడల్పున్న రెండు రోడ్లు నిలువుగా కోసుకుంటే ఆ చతురస్రం 144 చదరపు మీటర్లు. అక్కడ సగటున నాలుగు మీటర్ల తప్పు పడితే మట్టి లెక్కలో 576 ఘనపు మీటర్ల తేడా వస్తుంది. బిల్లులో కనబడే ఆ మట్టి భూమి మీద ఎక్కడా ఉండదు. తెర మీద తిప్పి చూస్తే గోడలు వెంటనే కంటబడతాయి కాబట్టి ఈ తప్పు దొరుకుతుంది. కంటబడనిది ఉపరితలపు సరిహద్దు. రోడ్డు చుట్టూ గీసిన అంచు గీత తనను తానే దాటినప్పుడు ఏది లోపల, ఏది బయట అన్నదే తేలదు. అప్పుడు ప్రోగ్రాం కొన్ని త్రిభుజాలను చప్పుడు చేయకుండా వదిలేయవచ్చు.

రోడ్డుకు అసలైన చిరునామా

సైటు మీద పనిచేసేవాళ్లు రోడ్డు మీది చోటును అక్షాంశ రేఖాంశాలతో చెప్పుకోరు. 12+400 చైనేజ్, ఎడమకు ఆరు మీటర్లు అంటారు. అంటే రోడ్డు మొదటి నుంచి మధ్యగీత వెంట 12,400 మీటర్లు నడిచి, అక్కడ లంబంగా ఎడమకు తిరిగి ఆరు మీటర్లు పోవాలని. లూప్‌లో పై అంతస్తు, కింది అంతస్తు ప్లానులో ఒకే బిందువు కావచ్చు. వాటి చైనేజ్‌లు మాత్రం ఎన్నటికీ ఒకటి కావు. బండి ఆ రెండు చోట్లకూ వేర్వేరు సమయాల్లో చేరుతుంది.

రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కారిడార్ అనే భాగం సరిగ్గా ఈ చిరునామా మీదే నడుస్తుంది. ప్లానులో మధ్యగీతను అలైన్‌మెంట్ చెబుతుంది. ప్రతి చైనేజ్‌కూ ఎత్తును ప్రొఫైల్ చెబుతుంది. అడ్డంగా కోస్తే రోడ్డు ఎలా ఉంటుందో క్రాస్ సెక్షన్ చెబుతుంది. ఈ మూడూ కలిస్తే చైనేజ్ వెంట సెక్షన్లు వరుసగా నిలబడతాయి, ఒక సెక్షన్ అంచు తర్వాతి సెక్షన్ అంచుతో కలుస్తుంది. 300వ మీటరు సెక్షన్‌కు పొరుగు 305వ మీటరు సెక్షన్. దాని నెత్తి మీద ఉన్న 49వ మీటరు సెక్షన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అంటే కారిడార్ స్థాయిలో లూప్ ఒక సమస్యే కాదు. కారిడార్ నుంచి బిందువులను, గీతలను తీసి టిన్ కట్టమన్న క్షణంలో చైనేజ్ అన్న సమాచారం రాలిపోతుంది, ప్లానులో దగ్గరితనం ఒక్కటే మిగులుతుంది. దెబ్బ తగిలేది అక్కడ.

గణితంలో ఈ చిక్కు రోడ్ల కంటే ముందే వచ్చింది. ఒక బిందువు చుట్టూ తిరుగుతూ ఎంత కోణం తిరిగామో లెక్కపెడితే, ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొదటి చోటికే వస్తాం గానీ లెక్క సున్నా దగ్గర ఉండదు, 360 డిగ్రీలకు చేరుతుంది. రెండో చుట్టు చివర 720. చోటు ఒకటే, విలువలు అనేకం. జర్మన్ గణితవేత్త బెర్న్‌హార్డ్ రీమన్ 1851లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో దీనికి పరిష్కారం చూపాడు. విలువను ఒకటికి కుదించవద్దు, తలాన్నే పొరలు పొరలుగా ఊహించాలి, ఒక పొర అంచు నుంచి పై పొరలోకి నడిచిపోవాలి అన్నాడు. స్థిరమైన గ్రేడియంట్‌తో వృత్తం చుట్టూ ఎక్కే రోడ్డు ఎత్తు, తిరిగిన కోణానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి లూప్ రోడ్డు ఉపరితలం రీమన్ ఆలోచనను గుర్తుకు తెచ్చేది మాత్రమే కాదు, సంవర్గమాన ప్రమేయానికి ఆయన పద్ధతిలో వచ్చే మెలితిరిగిన ఉపరితలంలో అచ్చంగా ఒక ముక్క. పొరల్లో ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఒక చోటికి ఒకే ఎత్తు అన్న నియమాన్ని పాటిస్తుంది. పొరను ఎక్కడ కోయాలో నిర్ణయిస్తే చాలు. రోడ్ల డిజైనర్లు చేసే పనీ ఇదే.

ఎక్కడ కోయాలి

కారిడార్ ఒకటే ఉంటుంది. దాన్ని చైనేజ్ ప్రకారం ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు ఒక్కో ఉపరితలం కడతారు. ఏ ముక్కా ప్లానులో తనను తాను తాకకూడదన్నది మొదటి షరతు. రెండు చుట్ల వృత్తానికి ఒక్కో ముక్క ఒక చుట్టు లోపు ఉంటే లెక్కప్రకారం చాలు. పనిలో మాత్రం అర చుట్టు ముక్కలే మేలు, ఎందుకంటే పూర్తి చుట్టుకు దగ్గరగా వచ్చిన ముక్క రెండు కొసలూ డెక్ వెడల్పు వల్ల, గట్టు వాలు వల్ల తాకే అవకాశం ఉంది. కోత అంతస్తులు దాటే చోట పెట్టకూడదు, సూపర్ ఎలివేషన్ (వంపులో రోడ్డుకు ఇచ్చే అడ్డవాలు) మారుతున్న చోటా పెట్టకూడదు. అతుకు దగ్గర రెండు ముక్కలకూ ఒకే చైనేజ్‌లో ఒకే సెక్షన్ ఉండాలి. ఒకటి 250.000 దగ్గర ఆగి మరొకటి 250.010 దగ్గర మొదలైతే సెంటీమీటరు సందు మిగులుతుంది, నీటి లెక్క అక్కడ తెగిపోతుంది.

సెక్షన్ల మధ్య దూరం కూడా లూప్‌లో పట్టించుకోవలసిందే. రెండు సెక్షన్ల మధ్య త్రిభుజం తిన్నగా పోతుంది, రోడ్డు వంపు తిరుగుతుంది. 40 మీటర్ల వ్యాసార్ధం మీద సెక్షన్లు 20 మీటర్లకొకటి వేస్తే మధ్యలో మోడల్ అసలు వంపు నుంచి 1.25 మీటర్లు పక్కకు జరుగుతుంది. 10 మీటర్లకైతే 31 సెంటీమీటర్లు, 5 మీటర్లకైతే 8 సెంటీమీటర్ల లోపు. దూరం సగమైతే తప్పు నాలుగో వంతవుతుంది. తిన్నటి రోడ్డుకు సరిపోయిన 20 మీటర్ల అలవాటును లూప్‌లోకి తెచ్చుకోకూడదు.

పొరలు విడివిడిగా ఉంటే కలిగే అసలు లాభం, వాటి మధ్య ఖాళీని కొలవగలగడం. మన దేశంలో రోడ్డు మీదుగా పోయే వంతెన కింద పట్టణాల్లో 5.5 మీటర్ల నిలువు ఖాళీ ఉండాలి. డెక్ మందం మరో ఒకటిన్నర మీటరు అనుకుంటే ఒక చుట్టులో రోడ్డు కనీసం 7 మీటర్లు ఎక్కాలి. ఐదు శాతం గ్రేడియంట్‌తో అందుకు 140 మీటర్ల రోడ్డు కావాలి, అంటే వృత్తం వ్యాసార్ధం 22 మీటర్లకు తగ్గకూడదు. గ్రేడియంట్ నాలుగు శాతానికి తగ్గిస్తే వ్యాసార్ధం 28 మీటర్లవుతుంది. ఈ లెక్క మధ్యగీతకు సంబంధించింది. ఎనిమిది మీటర్ల డెక్‌కు ఏడు శాతం సూపర్ ఎలివేషన్ ఇస్తే రెండు అంచుల మధ్య 56 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒకే వృత్తం మీద ఒకదాని మీద ఒకటి తిరిగే చుట్లలో రెండు డెక్‌లూ ఒకే వైపు వాలుతాయి కాబట్టి ఖాళీ పెద్దగా మారదు. తోక వచ్చి చుట్టును ఏటవాలుగా దాటే చోట అలా కాదు. మధ్యగీతల దగ్గర 5.7 మీటర్లు చూపిన ఖాళీ, పై డెక్ పల్లపు అంచు కింది రోడ్డు మిట్ట అంచు మీదికి వచ్చిన మూలలో 5.2కి పడిపోవచ్చు. అందువల్ల పై డెక్ అడుగు భాగాన్ని ఒక ఉపరితలంగా, కింది రోడ్డు పై భాగాన్ని మరో ఉపరితలంగా తీసుకుని, అవి కలిసే ప్రాంతమంతా తీసివేత చేసి, వచ్చిన వాటిలో అతి తక్కువ విలువను చూడాలి. అన్నీ ఒకే టిన్‌లో కలిపేస్తే ఈ తీసివేతకు తావే ఉండదు.

క్లోవర్‌లీఫ్ ఇంటర్‌చేంజ్‌తో పోలిస్తే లూప్ ఎందుకు కష్టమో ఇక్కడ స్పష్టమవుతుంది. అమెరికాలో ఆర్థర్ హేల్ 1916లో పేటెంట్ తీసుకున్న ఆ ఏర్పాటు 1929లో న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్‌లో రూపం దాల్చింది. చెన్నైలోని కత్తిపారా ఆ కోవలోదే. అక్కడ కుడికి మళ్లాల్సిన బండి వంతెన దాటి, ఎడమకు ముప్పావు చుట్టు తిరిగి, తాను దాటిన వంతెన కిందనుంచే పోతుంది. బండి దారి తన మీదుగా తానే సాగింది. అయినా మోడల్ కట్టేవారికి చిక్కు తక్కువ, ఎందుకంటే పై రోడ్డు, ర్యాంప్, కింది రోడ్డు మొదటి నుంచీ మూడు వేర్వేరు అలైన్‌మెంట్లు. లూప్‌లో పై అంతస్తుకూ కింది అంతస్తుకూ పేరొకటే, అలైన్‌మెంట్ ఒకటే. విభజన డిజైనర్ చేస్తేనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయదు.

లేని కోతలు

ఇంతవరకూ చెప్పినవి నిజంగా ఉన్న దాటింపులు. లెక్కలోంచి మాత్రమే పుట్టే దాటింపులు కూడా ఉన్నాయి, అవి ఇంకా ఎక్కువగా ఎదురవుతాయి. సెక్షన్లు మధ్యగీతకు లంబంగా నిలుస్తాయి. వంపు లోపలి వైపు ఆ లంబరేఖలు దగ్గరపడుతూ పోయి వంపు కేంద్రం దగ్గర కలుస్తాయి, దాన్ని దాటితే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. వక్రరేఖ లంబాలు ఇలా పేరుకునే చోట్ల గీతను డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలక గడియారాలపై 1673లో ప్రచురించిన గ్రంథంలోనే పరిశీలించాడు. రోడ్డు సగం వెడల్పు 5 మీటర్లు, గట్టు ఎత్తు 18 మీటర్లు, వాలు ఒకటికి రెండు అయితే గట్టు అడుగు మధ్యగీత నుంచి 41 మీటర్ల దూరంలో పడుతుంది. వంపు వ్యాసార్ధం 40 అయితే అది కేంద్రాన్ని దాటి అవతలికి పోయినట్టే. అక్కడి మట్టి ఈ వైపు సెక్షన్‌లో ఒకసారి, ఎదుటి సెక్షన్‌లో మరోసారి లెక్కకెక్కుతుంది. తెర మీద ఆ గీతలు బో టై ఆకారంలో కనబడతాయి కాబట్టి డిజైనర్లు ఈ తప్పును ఆ పేరుతోనే పిలుస్తారు. దీనికి మందు ముక్కలు చేయడం కాదు. వాలులు నిజంగా ఎక్కడ కలుస్తాయో కనుక్కుని, అక్కడికి కత్తిరించి, ఆ కలయిక గీతను కొత్త అంచుగా నిలపాలి.

హెయిర్‌పిన్ మలుపుల్లో దీని దగ్గరి బంధువు ఒకటి కనిపిస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో తిరిగినవారికి తెలిసినట్టు, మలుపుకు ముందూ తర్వాతా రోడ్డు పక్కపక్కనే వేర్వేరు ఎత్తుల్లో పోతుంది. పై వరుస గట్టు వాలు సహజ నేలను వెతుక్కుంటూ దిగితే కింది వరుస రోడ్డు మీదికి వచ్చి పడుతుంది. ఇలాంటి చోట ముందు కింది వరుసను కట్టి, దాని ఉపరితలాన్ని నేల ఉపరితలంలో అతికించి, పై వరుస వాలుకు ఆ కలిపిన ఉపరితలాన్ని లక్ష్యంగా చూపాలి. వాలుకు చోటు చాలకపోతే రిటైనింగ్ వాల్ తప్పదని మోడలే చెబుతుంది.

మోడల్ చేతులు మారినప్పుడు

ఉపరితలాన్ని మరో సంస్థకు పంపేటప్పుడు ఎక్కువగా వాడే ల్యాండ్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ప్రతి త్రిభుజపు మూడు మూలల నంబర్లూ విడిగా రాసి ఉంటాయి. అందుకున్న ప్రోగ్రాం ఆ త్రిభుజాలను అలాగే తీసుకోవాలి. బిందువులు మాత్రమే తీసుకుని తన పద్ధతిలో మళ్లీ అల్లితే పొరలు కలిసిపోతాయి. శాటిలైట్ సంకేతాలతో బ్లేడు ఎత్తును సరిచూసుకునే గ్రేడర్ కూడా ప్లానులో తానున్న చోటును బట్టే డిజైన్ ఎత్తు చదువుతుంది కాబట్టి దానికి ఒక్కో అంతస్తుకు ఒక్కో ఫైలు ఇస్తేనే సరైన లెవెల్ వస్తుంది. విమానం నుంచి లేజర్‌తో చేసే సర్వేల్లో నేలకు 2వ తరగతి, వంతెన డెక్‌కు 17వ తరగతి అని లాస్ 1.4 ప్రమాణం విడగొట్టింది కూడా ఈ అవసరం కోసమే. 2024లో ఐఎస్ఓ ప్రమాణంగా వెలువడిన ఐఎఫ్‌సీ 4.3 ఇంకో అడుగు ముందుకు వేసి, అలైన్‌మెంట్‌నే మోడల్‌లో భాగం చేసింది. రోడ్డు భాగాలను చైనేజ్ వెంట నిలిపి, ఘనాకారాలుగానే పంపవచ్చు. ఒక చోటికి ఒకే ఎత్తు అన్న షరతు అక్కడ లేదు.

డ్రైవర్ల ఫోన్లలోని మ్యాపులకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్న కారూ, దాని కింది రోడ్డు మీద ఉన్న కారూ ప్లానులో ఒకే గీత మీద కనిపిస్తాయి. శాటిలైట్లన్నీ నెత్తిన ఉండటం వల్ల ఎత్తు కొలతలో తప్పు పక్క కొలత కంటే ఎక్కువ. కాబట్టి ఎత్తును బట్టి తేల్చడం కష్టం, కారు ఏ ర్యాంప్ ఎక్కి వచ్చిందో గుర్తుంచుకోవడమే నమ్మకమైన దారి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒకదానిపై ఒకటి పోయే రోడ్లకు ఉమ్మడి బిందువు పెట్టరు, ఏది పైన, ఏది కింద అన్నదాన్ని పొర సంఖ్యతో సూచిస్తారు.

ఇంటర్‌చేంజ్‌కు గానీ, లూప్‌కు గానీ ఒకే ఉపరితలం ఉన్న ఫైలు చేతికి వస్తే, అది తెర మీద ఎంత నున్నగా కనిపించినా దాని నుంచి లెవెళ్లు తీయకూడదు, మట్టి లెక్క వేయకూడదు. అలైన్‌మెంట్, ప్రొఫైల్, క్రాస్ సెక్షన్లు అడిగి తెప్పించుకుని, అంతస్తులు విడదీసి ఉపరితలాలను మళ్లీ కట్టుకోవాలి.